ముదిమిని ప్రశ్నించిన మెచ్నికోవ్

1904వ సంవత్సరము జూన్ 8వ తేదీన పారిస్ నగరమున ఒక బహిరంగోపన్యాసము జరిగెను. వేదికపై నిలిచినవాడు గుబురు గడ్డము, చెదరిన జుట్టు, కండ్లద్దములు గల ఏబది తొమ్మిదేండ్ల శాస్త్రజ్ఞుడు. ఉపన్యాస విషయము వార్ధక్యము. మనుష్యునకు వచ్చుచున్న ముసలితనము ప్రకృతి విధించిన శిక్ష కాదనియు, అదియు ఒక విధమైన వ్యాధియే యనియు, తక్కిన వ్యాధులకు వలెనే దానికిని కారణము వెదకవచ్చుననియు ఆయన వాదించెను. మాటల నడుమ, పులిసిన పాలను విరివిగా త్రాగు బల్గేరియా ప్రజలలో దీర్ఘాయుష్మంతులు పెక్కుమంది కలరను సంగతిని ప్రస్తావించెను. పత్రికలు ఆ యొక్క మాటనే పట్టుకొనినవి. వార్ధక్యమును గూర్చి ఆయన చెప్పిన తక్కిన విషయములు మరుగున పడినవి. పెరుగు మాత్రము దేశదేశములకు ప్రాకెను.

పెరుగన్నము తినక విస్తరిముందునుండి లేవని తెలుగువారికి పెరుగు మంచిదని చెప్పుట కమ్మరివీధిలో సూదులమ్మినట్లుండును. ఆనాటి పారిస్ ప్రజలకు అది వింత వస్తువు. అంతకంటె వింతయైనది, దీర్ఘాయువు కొరకు వాదించిన ఆ మనిషి కథ. మునుపు రెండు పర్యాయములు జీవితమే వలదనుకొనినవాడు ఆయన. అట్టివాడు మానవులందరికిని నిండు నూరేండ్లు కోరు స్థితికి ఎట్లు వచ్చెను? వచ్చిన దారిలో ఆయన ఋజువు చేసినదేది, ఊహించి విడిచినదేది? ఈ సంగతి తెలిసినగాని, నేటికిని ఆయన పేరుతో చలామణియగుచున్న పెరుగు మహిమను సరిగా తూచుట సాధ్యము కాదు.

ఇల్యా మెచ్నికోవ్ 1845 మే నెలలో ఖార్కోవ్ నగర ప్రాంతమునందలి ఒక పల్లెలో జన్మించెను. ఆనాడు అది రష్యా సామ్రాజ్యములోనిది. నేడు ఉక్రెయిన్ దేశమునకు చెందినది. తండ్రి చక్రవర్తి రక్షకదళమున పనిచేసిన అధికారి. తల్లి ఎమీలియా యూదు వంశమునకు చెందినది. ఐదుగురు సంతానములో కడగొట్టువాడైన ఇల్యాకు చెట్టుచేమలన్నను, పురుగుపుట్రయన్నను పసితనము నుండియు ఆసక్తి మెండు. తాను తెలిసికొనినదానిని ఇతరులకు బోధింపవలెనను ఉబలాటము అంతకంటె మెండు. వినువారు దొరకనప్పుడు తన చేతిఖర్చు డబ్బులిచ్చి తోడి పిల్లలను కూర్చుండబెట్టి పాఠము చెప్పెడివాడట! జీతమిచ్చి శిష్యులను సంపాదించిన గురువు బహుశః ఆయన ఒక్కడే.

ఖార్కోవ్ విశ్వవిద్యాలయములో నాలుగేండ్ల చదువును రెండేండ్లలో ముగించి, 1864లో పట్టము పుచ్చుకొనెను. తరువాత జర్మనీ, ఇటలీ దేశములలో పరిశోధనలు సాగించెను. 1865లో గీసెన్ నగరమున ఒక జాతి చదును పురుగును పరిశీలించుచు, అది మ్రింగిన ఆహారము ప్రత్యేకమైన జీర్ణకోశమున గాక కణముల లోపలనే జీర్ణమగుటను గమనించెను. అప్పటికది చిన్న విషయము. పదునేడేండ్ల తరువాత అదే ఆయన జీవితమునకు మూలకందమైనది. నేపుల్సులో కొవలేవ్‌స్కీ అను మిత్రునితో కలిసి వెన్నెముకలేని సముద్రజీవుల పిండోత్పత్తిని శోధించెను. ఈ కృషికై 1867లో వారిరువురకును బేర్ బహుమానము లభించెను. ఇరువదియైదేండ్లకే, 1870లో, ఆయన నల్లసముద్ర తీరమందలి ఒడెస్సా విశ్వవిద్యాలయమున ఆచార్యుడయ్యెను.

విద్యలో ఇంతటి అదృష్టవంతుడు సంసారమున దుఃఖభాజనుడు. 1869లో ఆయన లుద్మీలా అను యువతిని వివాహమాడెను. అప్పటికే ఆమె క్షయరోగ పీడితురాలు. పెండ్లినాడు దేవాలయమునకు నడచిపోవు శక్తియైన లేక, కుర్చీలో మోసికొనిపోవలసి వచ్చెను. భార్యను బ్రతికించుకొనుటకు ఆయన చేయని ప్రయత్నము లేదు. మంచి గాలి కొరకు ఊరూరు త్రిప్పెను. ఖర్చుల కొరకు కన్నులు చెడునంతగా పనిచేసెను. కాని 1873లో మదీరా ద్వీపమున ఆమె కన్నుమూసెను. ఆ శోకమునకు తాళలేక మెచ్నికోవ్ ప్రాణత్యాగమునకు పూనుకొనెను, ఎట్లో బ్రతికెను. ఆ దినములలోనే ఒకరాత్రి దీపము చుట్టును ముసురుకొనిన రెక్కల పురుగులు ఆయన కంట బడినవి. కొన్ని గంటలలో రాలిపోవు ఈ ప్రాణులకు ప్రకృతివరణ సిద్ధాంతము ఎట్లు వర్తించును అను శంక మనస్సున పొడమెను. శంక పుట్టినచోట శాస్త్రజ్ఞునకు పని దొరకును. ఆయన మరల తన పనిలోనికి వచ్చెను.

1875లో ఓల్గా అను విద్యార్థినిని రెండవ పెండ్లి చేసికొనెను. 1880లో ఆమెకు టైఫాయిడు జ్వరము సోకి ప్రాణాపాయ స్థితి కలిగెను. ఓల్గా కోలుకొనినను, ఆయన మనస్సు కోలుకొనలేదు. గుండె జబ్బు, కంటిబాధ, విశ్వవిద్యాలయములోని కక్షలు — అన్నియు కలిసి క్రుంగదీసినవి. 1881లో రోగి రక్తమును తన శరీరమున ఎక్కించుకొని, కోరి ఒక విషజ్వరమును తెచ్చుకొనెను. ఈ మారును మృత్యువు ఆయనను ముట్టలేదు. చిత్రమేమనగా, ఆ జ్వరమునుండి లేచిన మనిషి వేరొకడు. బ్రతుకుపై ఆయనకు క్రొత్త రుచి పుట్టెను. తదాది ముప్పదియైదేండ్లు ఆయన ఆ రుచిని విడువలేదు.

ఆ సంవత్సరమే రష్యా చక్రవర్తి హత్య కాగా దేశము అల్లకల్లోలమయ్యెను. విద్యాలయములలో ప్రభుత్వపు నిర్బంధము హెచ్చెను. విసిగిన మెచ్నికోవ్ 1882లో ఉద్యోగమును వదలుకొని, భార్యతోను ఆమె తోబుట్టువులతోను సిసిలీ ద్వీపమందలి మెస్సీనా నగరమునకు చేరెను. ఇల్లు సముద్రపు టొడ్డున. బెస్తలు తెచ్చియిచ్చు చిన్న చిన్న జలచరములే ఆయన పరిశోధనా సామగ్రి.

డిసెంబరు నెలలో ఒకనాడు ఇంటివారందరు సర్కసులో కోతుల ఆట చూడబోయిరి. ఆయన ఒక్కడును సూక్ష్మదర్శిని ముందు కూర్చుండి, సముద్ర నక్షత్రమను జీవి యొక్క డింభకములను పరిశీలించుచుండెను. ఆ డింభకము గాజువలె పారదర్శకము. కోయనక్కరలేకయే లోపలి కణములన్నియు కనిపించును. వానిలో కొన్ని ఒకచోట నిలువక, ఒడలంతయు సంచరించుచున్నవి. గీసెనులో తాను చూచిన చదును పురుగు ఆయనకు జ్ఞప్తికి వచ్చియుండును. కణము ఆహారమును మ్రింగగలిగినచో, శత్రువును మాత్రము ఏల మ్రింగరాదు? శరీరములోనికి చొరబడిన హానికర పదార్థమును ఎదుర్కొనుటకే ఈ సంచార కణములు ఏర్పడినవేమో! ఈ తలపు తట్టగానే ఆయన కూర్చుండలేకపోయెను. గదిలో అటునిటు తిరిగెను. సముద్రతీరమునకు పోయి ఆలోచనను కూడదీసికొనెను. తన ఊహ నిజమైనచో, డింభకమున ముల్లు గ్రుచ్చినప్పుడు దాని చుట్టును ఈ కణములు గుమికూడవలెను. మనుష్యుని వ్రేలిలో ముల్లు విరిగినచోట చీము చేరుట వంటిదే యిది.

పరీక్షకు పరికరము పెరటిలోనే యున్నది. కొలది దినముల క్రిందట క్రిస్మసు పండుగకై పిల్లలకు అలంకరించి యిచ్చిన చిన్న నారింజ చెట్టు దగ్గరనే గులాబి పొద యుండెను. దాని ముండ్లు కొన్ని కోసి తెచ్చి, నీటివలె తేటగానున్న ఆ డింభకముల చర్మము క్రింద గ్రుచ్చెను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. తెల్లవారుజామున లేచి చూడగా, ముల్లు చుట్టును కణములు దట్టముగా మూగియున్నవి.

రోగనిరోధక శాస్త్రమునకు ఇది యొక పునాదిరాయి. ఆ కణములకు గ్రీకు భాషనుండి ఫాగోసైటులు, అనగా భక్షక కణములు, అను పేరు ఏర్పడెను. తరువాత ఆయన నీటి ఈగ యను సూక్ష్మజీవిని పరీక్షించెను. దాని శరీరమున శిలీంధ్రపు బీజములు చొచ్చుటయు, రక్తకణములు వానిని చుట్టుముట్టి మ్రింగుటయు కనుగొని 1884లో ప్రకటించెను. కణములు గెలిచినచో నీటి ఈగ బ్రతుకును. బీజములు గెలిచినచో అది చచ్చును. మనుష్యుని తెల్ల రక్తకణములు చేయు పనియు ఇదియే యని ఆయన చాటెను. అంతకుముందు వైద్యులలో పెక్కుమంది తెల్లకణములు సూక్ష్మజీవులను మోసికొనిపోయి రోగమును వ్యాపింపజేయు బండ్లని తలచుచుండిరి. కాపలావానిని దొంగయనుకొనిన చందము!

1886లో ఒడెస్సాలో సూక్ష్మజీవ పరిశోధనా కేంద్రము ఏర్పడగా దానికి ఆయన అధ్యక్షుడయ్యెను. ఆయన పరోక్షమున సహాయకులు గొఱ్ఱెలకు దొమ్మరోగపు టీకాలు వేయగా, అవి వేలకొలది మరణించెను. స్థానికుల నిందలు భరింపరానివైనవి. 1888లో ఆయన పారిస్ వెళ్ళి లూయీ పాశ్చరును ఆశ్రయించెను. వృద్ధుడైన పాశ్చర్ ఆయనను ఆదరించి తన నూతన సంస్థలో ఒక ప్రయోగశాలను ఇచ్చెను. ఫ్రెంచివారు ఇల్యాను ఎలీ అని పిలిచిరి. మిగిలిన జీవితమంతయు ఆయనకు ఆ సంస్థయే ఇల్లు. ఒడెస్సాలో ఆయన శిష్యుడైన హాఫ్కిన్ కూడ గురువు వెంట పాశ్చర్ సంస్థకు చేరి, 1893లో భారతదేశమునకు వచ్చి కలరా టీకాలు వేసెను. 1897లో బొంబాయి నగరమున ప్లేగు టీకాను సిద్ధపరచినవాడును అతడే.

మెచ్నికోవ్ సిద్ధాంతమును జర్మను శాస్త్రజ్ఞులు సులభముగా అంగీకరింపలేదు. 1890లో బెర్లినులో బేరింగు, కిటసాటో అను వారు ధనుర్వాతము, కంఠసర్పి రోగముల విషమును విరుచు గుణము రక్తరసమునందున్నదని నిరూపించిరి. కణములు కావు, రసములే కాపాడునవి యని ఒక పక్షము; రసములు కావు, కణములే యని మెచ్నికోవ్. వైద్య మహాసభలలో ఆయన జుట్టు చెదరగా, గొంతు చించుకొని వాదించెడివాడు. ఎదిరిపక్షము చేసిన ప్రతి ప్రయోగమును మరల తాను చేసి చూచెడివాడు. 1908లో నోబెల్ బహుమానమును ఆయనకును, రసవాద పక్షమువాడగు పాల్ ఎర్లిఖ్‌కును కలిపి యిచ్చిరి. అది వట్టి రాజీ కాదు. కణములును, రసములును ఒకదానికొకటి తోడ్పడుననుట తరువాతి శాస్త్రము తేల్చిన సత్యము.

అప్పటికే ఆయన దృష్టి ముసలితనముపైకి మరలియుండెను. 1903లో ప్రకటించిన గ్రంథమున వార్ధక్య శాస్త్రమునకు జెరొంటాలజీ యని పేరు పెట్టినవాడు ఆయనయే. ఆయన ఊహ యిది: మనుష్యుని పెద్దప్రేవులో అసంఖ్యాకములగు సూక్ష్మజీవులున్నవి. వానిలో కొన్ని ఆహారశేషమును కుళ్ళబెట్టి విషములు పుట్టించును. ఆ విషములు కొంచెము కొంచెముగా రక్తమున చేరి శరీర కణములను బలహీనపరచును. అంతట మనుష్యుని కాపాడవలసిన భక్షక కణములే ఆ బలహీన కణములపై పడి తినుట మొదలిడును. జుట్టు నెరయుటయు, బుద్ధి మందగించుటయు దీని ఫలమే. తాను మెస్సీనాలో కనుగొనిన కాపలాదారులు ముసలితనమున ఇంటిదొంగలగుదురని ఆయన భావము. శాస్త్రముగా దీనియందు లోటులున్నను, తన జీవితపు గొప్ప ఆవిష్కారమునే నిలదీసిన ఆ నిర్మొగమాటము మెచ్చదగినది.

కుళ్ళును ఆపుట యెట్లు? పుల్లదనముతో. కాచినను వేసవిలో సాయంకాలమునకు విరిగిపోవు పాలు, చేమిరి వేసి తోడుపెట్టినచో మరునాటికిని చెడక నిలుచుట ప్రతి యిల్లాలికి తెలిసినదే. తోడులోని సూక్ష్మజీవులు పాలలోని చక్కెరను లాక్టికామ్లముగా మార్చును; ఆ ఆమ్లములో కుళ్ళుజీవులు పెరుగజాలవు. కుండలో జరిగినది కడుపులోను జరుగవలెనని మెచ్నికోవ్ తలచెను. 1905లో స్టామెన్ గ్రిగొరోవ్ అను బల్గేరియా యువకుడు జెనీవాలో చదువుచు, తన దేశపు పెరుగులోని కడ్డీవంటి సూక్ష్మజీవిని గుర్తించెను. మెచ్నికోవ్ దానిని తన ప్రయోగశాలలో పెంచి పరీక్షించెను. తానును నిత్యము ఆ పులిసిన పాలను త్రాగెడివాడు. పచ్చి కూరలు, ఉడికింపని పండ్లు ముట్టెడివాడు కాడు. 1907లో దీర్ఘాయువును గూర్చి ఆయన వ్రాసిన గ్రంథము పెక్కుమందిచేత చదువబడెను.

పెరుగు అమృతమని ఆయన చెప్పలేదు. కాని వర్తకులు చెప్పిరి. ఆయన పేరు తగిలించిన మాత్రలు, పొడులు, పాలసీసాలు అంగళ్ళలో వెలసినవి. లండనులో ఒక ప్రఖ్యాత శస్త్రవైద్యుడు, ఆర్బుత్నాట్ లేన్, పెద్దప్రేవే అనర్థహేతువని నమ్మి రోగులకు దానిని కోసి తీసివేయ సాగెను. ఊహను ఋజువుగా పుచ్చుకొనిన దోషము లోకముది మాత్రమే కాదు. బల్గేరియా వృద్ధుల వయస్సుల లెక్కలను మెచ్నికోవ్ తగినంత శోధింపలేదు. వయస్సు నిజమేయైనను, దానికి పెరుగు కారణమా, పొలము పనియా, కొండగాలియా? నీటి ఈగ విషయమున అంత నిష్ఠగా ప్రయోగములు చేసిన మనిషి, మనుష్యుని ఆయువు విషయమున ఆశకు కొంత లోబడెననక తప్పదు.

ఆయన తరువాత ఆ లోపములు బయటపడినవి. బల్గేరియా సూక్ష్మజీవి మనుష్యుని ప్రేవులలో కాపురముండదని అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయమున రెట్గర్, చెప్లిన్ అనువారు 1921లో చూపిరి. ప్రేవులలోని కుళ్ళు విషముల వలననే ముసలితనము వచ్చునను వాదము వీగిపోయెను. అయినను ఆయన వేసిన ప్రశ్న చావలేదు. వయస్సు మీరినకొలది రొమ్మెముక వెనుకనున్న థైమస్ గ్రంథి క్షీణించును. క్రొత్త రోగములను గుర్తించు తెల్లకణములు తగ్గును. టీకాలకు శరీరము చూపు స్పందన మందగించును. పైకి కానరాని స్వల్ప శోథ దీర్ఘకాలము నిలుచును. శరీరమునందలి రక్షక కణములలో పెద్ద భాగము ప్రేవుల నంటియే యుండుటచేత, అచటి సూక్ష్మజీవులకును వృద్ధుల రోగనిరోధక శక్తికిని గల సంబంధము నేడు విస్తృతముగా పరిశోధింపబడుచున్నది. మేలుచేయు సజీవ సూక్ష్మజీవులకు ప్రొబయోటిక్కులని పేరు. తగిన మోతాదులో తీసికొనినప్పుడు ఆరోగ్యమునకు మేలు కలిగించునవియే ఆ పేరునకు తగునని 2001లో ఐక్యరాజ్యసమితి ఆహార, ఆరోగ్య సంస్థల నిపుణులు నిర్వచించిరి.

మేలు కలుగునా అను ప్రశ్నకు మాత్రము ఒకే సమాధానము రాలేదు. జపానులో ఫునగట, అరిత అను రెండు పట్టణములందు 57 మంది, 85 మంది వృద్ధులపై జరిగిన పరీక్షలను 2010లో ప్రకటించిరి. బల్గేరియా సూక్ష్మజీవి యొక్క ఒక ప్రత్యేక తెగతో చేసిన పెరుగును దినమునకు 90 గ్రాముల వంతున తినినవారికి, పాలు త్రాగినవారికంటె జలుబు సోకుట తక్కువయ్యెనని అవి తెలిపినవి. పరీక్షింపబడినవారు కొద్దిమంది, పరిశోధకులలో ఆ పెరుగును తయారుచేయు సంస్థకు చెందినవారును కలరు. 2020లో బ్రిటనులో వృద్ధాశ్రమములందున్న 310 మందిపై ఏడాదివరకు సాగిన పరీక్ష ఫలితము వెలువడెను. అక్కడ ఇచ్చినవి పెరుగు కాదు, వేరు రెండు రకముల సూక్ష్మజీవులు గల గొట్టపు మాత్రలు. ఉత్తుత్తి మాత్రలు తిన్నవారికంటె వారికి ఆంటీబయోటిక్కుల అవసరమేమియు తగ్గలేదు. ఒక తెగ సూక్ష్మజీవి చేసిన పనిని మరియొకటి చేయునను నమ్మకము లేదు. పెరుగు మంచి ఆహారము. పాలు జీర్ణము కానివారికిని అది యిముడును. ఇంటి పెరుగులో ఏ తెగ ఎంత యున్నదో చెప్పజాలము గనుక, దానిని మందుగా లెక్కించుట మాత్రము తగదు.

ఈ తీర్పులను వినుటకు మెచ్నికోవ్ లేడు. 1909లో, నోబెల్ బహుమానము పొందిన మరుసటి యేడు, ఆయన రష్యాకు పోయి యాస్నయా పొల్యానాలో టాల్‌స్టాయి మహాశయుని దర్శించెను. ఇరువురికిని పాత బంధమొకటి యుండెను. 1881లో నడివయస్సున మరణించిన మెచ్నికోవ్ అన్న ఇవానును మనస్సులో నిలుపుకొనియే టాల్‌స్టాయి ఇవాన్ ఇల్యిచ్ మరణమను కథను వ్రాసెను. ఎనుబదేండ్ల ఋషితుల్యుడు మృత్యుభయమునకు విశ్వాసమున ఉపశాంతిని వెదకెను. అరువది నాలుగేండ్ల శాస్త్రజ్ఞుడు దానిని శరీర ధర్మమున వెదకెను. మనుష్యుడు రోగములేక పూర్ణాయువు గడపినచో, దినమంతయు శ్రమించినవానికి నిద్రవలె, మరణము సహజమైన కోరికగా వచ్చునని ఆయన విశ్వాసము. మునుపు తాను కోరిన మరణము అట్టిది కాదని ఆయన ఎరుగును. అది ఆకలి తీరకమునుపే విస్తరి విడిచి లేచుట వంటిది.

1914లో యుద్ధము వచ్చి ఆయన ప్రయోగశాలను శూన్యము చేసెను. శిష్యులు సైన్యమున చేరిరి. విజ్ఞానము మానవులను కలుపునని నమ్మినవానికి అది గుండెకోత. ఆ గుండెయే, యౌవనము నుండి బాధించినదే, కడకు మోసగించెను. జబ్బుపడినప్పటినుండి తన శరీరమునందును మనస్సునందును కలుగు మార్పులను ఆయన వ్రాసికొనుచుండెను. పెరుగు నూరేండ్లు ఇచ్చుననిరే, మీకేల ఇయ్యలేదని లోకము వెక్కిరించునని ఆయన ఎరుగును; నడికాలము దాటిన తరువాత మొదలిడితినని ఆయన సమాధానము. చనిపోయిన పిమ్మట తన ప్రేవులను జాగ్రత్తగా పరీక్షింపుమని వైద్య మిత్రునకు చెప్పియుంచెను. 1916 జూలై 15వ తేదీన పాశ్చర్ సంస్థలోనే, ఓల్గా చెంతనుండగా, డెబ్బదియొకటవ యేట ప్రాణము విడిచెను. దేహమును దహనము చేసిరి. చితాభస్మము గల పాత్రను ఆ సంస్థ గ్రంథాలయములో, పుస్తకముల నడుమ ఉంచిరి.